పాత టేబుల్ రంపం చెక్కను మాడుస్తోందా? మోటారు మార్చకముందు ఇది చదవండి

సెకండ్ హ్యాండ్ టేబుల్ రంపం కొన్నవాళ్ళు అనంతపురంలో అయినా, కడపలో అయినా, కర్నూలులో అయినా అడిగేది ఒకటే. "టేకు చీలుస్తుంటే అంచు నల్లగా మాడుతాంది, సగంలో పట్టేస్తాంది. మోటారు మార్చాల్నా, బ్లేడు మార్చాల్నా?" ఈ ప్రశ్నకు ఎవరికి తోచిన సలహా వాళ్ళు ఇస్తుంటారు. రెండు హెచ్‌పీ తీసి మూడు హెచ్‌పీ వేయమంటారు, వంద పళ్ళ బ్లేడు తెమ్మంటారు, ఆ మిషన్ పోయిందిలే స్క్రాపుకు వేసెయ్ అంటారు. వేలకు వేలు పోతాయి, మాడటం మాత్రం ఆగదు.

అపోహ: చెక్క మాడుతోందంటే మోటారుకు బలం లేదు, లేదా బ్లేడు మొద్దుబారింది.

వాస్తవం: బ్లేడు మొద్దుబారినా, జిగురు పట్టినా మాడుతుంది. ఆ మాట నిజమే. కానీ కొత్త బ్లేడు వేశాక కూడా మాడుతుంటే, అసలు తప్పు ఎక్కువసార్లు బ్లేడుకూ గైడుకూ (చెక్కను ఆనించి నెట్టే పక్క పట్టీ) మధ్య ఉన్న వంకరలో ఉంటుంది. పాత మిషన్‌ను లారీలోకి ఎక్కించేటప్పుడు నలుగురు కలిసి టేబుల్ అంచు పట్టుకుని ఎత్తుతారు, గైడు పట్టాలు పట్టుకుని లాగుతారు. టేబుల్ తన బోల్టుల మీద అర మిల్లీమీటరు జరిగితే చాలు, బ్లేడు వెనక భాగం గైడు వైపు తిరిగిపోవచ్చు. అలా తిరిగితే చెక్క ముందు పళ్ళ దగ్గర ఎంత సాఫీగా తెగినా, వెనక పళ్ళకూ గైడుకూ మధ్య ఇరుక్కుంటుంది. మాడేది అక్కడే.

ఇందులో ఉన్నది డబ్బు నష్టం ఒక్కటే కాదు. వెనక పళ్ళు టేబుల్ కింది నుంచి పైకి లేచి మన వైపు తిరుగుతాయి. ఇరుక్కున్న చెక్కను అవి పైకెత్తి వెనక్కి తంతాయి. 12 అంగుళాల బ్లేడు నిమిషానికి 2880 చుట్లు తిరిగితే పన్ను వేగం సెకనుకు 46 మీటర్లు, అంటే గంటకు సుమారు 165 కిలోమీటర్లు. వంకర సరిచేయకుండా మోటారు హెచ్‌పీ పెంచితే జరిగేది ఒకటే. ఇంతకుముందు పట్టేసి ఆగిపోయే మిషన్ ఇప్పుడు ఆగకుండా చెక్కను విసురుతుంది. ఈ అపోహ మీద ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

కొలిచే పద్ధతి ఇది. ముందు ప్లగ్ పీకండి, త్రీ ఫేజ్ అయితే మెయిన్ దించి ఫ్యూజులు తీసి దగ్గర పెట్టుకోండి. బ్లేడు విప్పి, దాని రెండు వైపులా కూర్చునే ఫ్లాంజిలను గుడ్డతో శుభ్రంగా తుడవండి. అక్కడ రంపపు పొట్టు రేణువు ఇరుక్కున్నా బ్లేడు అంచు ఊగుతుంది. మళ్ళీ బిగించి బ్లేడును పూర్తిగా పైకి లేపండి. ఒక పన్నుకు మార్కరుతో గుర్తు పెట్టండి. టేబుల్ మీద బ్లేడు పక్కన పొడవునా ఉండే మైటర్ గాడిలో వదులు లేకుండా జరిగే చెక్కపట్టీ ఒకటి చేసుకోండి. దాని మీద అడ్డంగా ఇంకో ముక్క బిగించి, చివర ఒక స్క్రూ దించండి. గుర్తు పెట్టిన పన్ను ముందు వైపు ఉండగా స్క్రూ తల దానికి తగిలీ తగలనట్టు సర్దండి. ఇప్పుడు బ్లేడును చేత్తో తిప్పి అదే పన్నును వెనక్కి తీసుకెళ్ళండి, పట్టీని కూడా వెనక్కి జరపండి. అదే పన్ను కావాలి. వేరే పన్ను దగ్గర కొలిస్తే మీరు కొలిచేది బ్లేడు వంపును, మిషన్ వంకరను కాదు.

వెనక స్క్రూకూ పన్నుకూ మధ్య సందు ఎంతో ఫీలర్ గేజ్‌తో (సందులో దూర్చి కొలిచే పల్చటి ఉక్కు రేకుల కట్ట) చూడండి. డయల్ గేజ్ లేదని కంగారు పడొద్దు, బైకు మెకానిక్ వాల్వు టాపెట్లకు వాడే ఫీలర్ గేజే సరిపోతుంది. తేడా 0.1 మిల్లీమీటరు లోపు ఉంటే బాగున్నట్టు. 0.25 దాటితే మాడటం మొదలవుతుంది. అర మిల్లీమీటరు ఉంటే ఆ మిషన్ మీద చీలిక పని ఆపేయండి. సందు లేకుండా స్క్రూ పన్నును నెట్టేస్తుంటే వంకర ఇంకో వైపు ఉన్నట్టు. అప్పుడు అదే పన్ను వెనక ఉండగా స్క్రూను సర్ది, ముందు వైపు కొలవండి.

సరిచేయడం మిషన్ రకాన్ని బట్టి ఉంటుంది. కింద ఇనుప క్యాబినెట్, పైన పోత ఇనుము టేబుల్ ఉన్నవాటిలో సాధారణంగా టేబుల్‌ను నాలుగు బోల్టులు పట్టుకుని ఉంటాయి. మూడు వదులు చేయండి, ముందున్న ఒకదాన్ని కొద్దిగా బిగువుగా ఉంచండి. టేబుల్ దాని మీద తిరుగుతుంది. చెక్క సుత్తితో అంచు మీద మెల్లగా తట్టండి, కొలవండి, మళ్ళీ తట్టండి. బోల్టులు బిగించేటప్పుడు ఎదురెదురు మూలలు వరుసగా బిగించండి. బిగించాక మళ్ళీ కొలవాలి, బిగింపులోనే టేబుల్ జరుగుతుంది. ఈ చివరి కొలత వదిలేసి "చేశాంలే" అనుకునేవాళ్ళే ఎక్కువ. చిన్న మిషన్లలో టేబుల్ కదలదు, కింద బ్లేడు షాఫ్టును మోసే ట్రనియన్ బోల్టులు వదులు చేసి జరపాలి.

మన ఊర్లలో వెల్డింగ్ షాపులో చేయించిన యాంగిల్ ఫ్రేము మిషన్లు ఎక్కువ. వాటికి గాడి ఉండదు. వాటిలో గైడును బిగించి, గుర్తు పెట్టిన పన్ను నుంచి గైడుకు ముందు ఎంతో వెనక ఎంతో కొలవండి. షాఫ్టు రెండు పిల్లో బ్లాక్ బేరింగుల (దిమ్మెలో కూర్చున్న బేరింగులు) మీద ఉంటుంది, వాటి బోల్టు రంధ్రాలు పొడవుగా ఉంటాయి కాబట్టి ఒక బ్లాకును జరపొచ్చు. జరిపాక రెండు పుల్లీల మీదుగా దారం లాగి చూడండి. పుల్లీలు ఒకే గీతలో లేకపోతే బెల్టు అంచు అరిగి వారాల్లో తెగుతుంది. ఇంకో మాట, కడప బండలు పరిచిన నేల మీద నాలుగు కాళ్ళూ ఒకేలా ఆనవు. యాంగిల్ ఫ్రేము మెలిపడితే చేసిన సర్దుబాటంతా పోతుంది. కొలిచే ముందే ఊగే కాలు కింద రేకు ముక్క పెట్టండి.

బ్లేడు అయ్యాక గైడు. గైడు గాడికి సమాంతరంగా ఉండాలి, లేదా వెనక వైపు 0.1 మిల్లీమీటరు ఎడంగా ఉన్నా పర్వాలేదు. వెనక వైపు బ్లేడుకు దగ్గరగా మాత్రం రాకూడదు. లివరు బిగించేటప్పుడు గైడు తోక పక్కకు పోతుందేమో చూడండి. పాత గైడుల్లో ఇది తరచూ కనిపించే జబ్బు.

ఇవన్నీ సరిగ్గా ఉండీ మాడితే అప్పుడు బ్లేడును చూడండి. మాడిన మచ్చ కోతకు గైడు వైపే ఉంటే ఇంకా వంకర ఉంది. రెండు వైపులా ఉంటే బ్లేడు మురికి, మొద్దు, లేదా పళ్ళ సంఖ్య తప్పు. పొడవునా చీల్చడానికి 24 నుంచి 40 పళ్ళు చాలు. 80, 100 పళ్ళవి ప్లైవుడ్‌కు, అడ్డకోతకు. దాంతో రెండంగుళాల టేకు చీలిస్తే పొట్టు బయటికి పోయే చోటుండదు, మాడక ఏం చేస్తుంది? జిగురు పట్టిన బ్లేడును గోరువెచ్చని నీళ్ళలో బట్టల సోడా కలిపి పావుగంట నానబెట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దండి, వెంటనే ఆరబెట్టండి. కాస్టిక్ సోడా జోలికి పోవద్దు.

అపోహ: స్విచ్ ఉంటే చాలు, స్టార్టర్ దండగ.

వాస్తవం: పాత మిషన్ అమ్మేవాళ్ళు స్టార్టర్ పీకేసుకుని మామూలు ఎంసీబీ పెట్టి ఇస్తారు. కోస్తుండగా కరెంటు పోతుంది. ఆఫ్ చేయడం మరిచిపోయి, ఇరుక్కున్న చెక్కను చేత్తో తీస్తుంటారు. అప్పుడే కరెంటు వస్తే బ్లేడు దానంతటదే తిరుగుతుంది. డీఓఎల్ స్టార్టర్‌లో కాయిల్ ఉంటుంది, కరెంటు పోగానే కాంటాక్టులు విడిపోతాయి, పచ్చ బటన్ మళ్ళీ నొక్కితే తప్ప తిరగదు. ఓవర్‌లోడ్ రిలే మోటారునూ కాపాడుతుంది. దాన్ని మోటారు నేమ్ ప్లేటు మీదున్న ఆంపియర్లకు పెట్టండి. అమ్మే మనిషి ఎంత మంచివాడైనా స్టార్టర్ లేకుండా మిషన్ ఆన్ చేయొద్దు. త్రీ ఫేజ్ అయితే కొత్త చోట కనెక్షన్ ఇచ్చాక బ్లేడు విప్పేసి ఒక్క క్షణం ఆన్ చేసి తిరిగే దిక్కు చూడండి. తిరగబడి ఉంటే ఏ రెండు ఫేజులైనా మార్చితే సరిపోతుంది. చూడకుండా బ్లేడుతో ఆన్ చేస్తే, నట్టు దానంతటదే వదులయ్యే ప్రమాదం ఉంది.

అపోహ: రైవింగ్ నైఫ్ పనికి అడ్డం, తీసేస్తేనే సుఖం.

వాస్తవం: బ్లేడు వెనక నిలబడే ఆ ఉక్కు రేకు కోత మూసుకుపోకుండా పట్టుకుంటుంది. వేప, తుమ్మ సరిగ్గా ఆరకపోతే చీలుస్తుండగానే కోత దగ్గరికి వచ్చి బ్లేడును పిండుతుంది, మిషన్ ఎంత సరిగ్గా ఉన్నా సరే. నైఫ్ మందం బ్లేడు రేకు కన్నా ఎక్కువ, పళ్ళు కోసే వెడల్పు కన్నా తక్కువ ఉండాలి. కోత 3.2 మిల్లీమీటర్లు, బ్లేడు రేకు 2.2 మిల్లీమీటర్లు ఉంటే నైఫ్ 2.5 మిల్లీమీటర్లు సరిపోతుంది. పళ్ళకు 3 నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. పాత మిషన్‌తో పాటు అది రాకపోతే చేయించుకోండి. చెక్కకు అడ్డం పడుతోందంటే నైఫ్ బ్లేడు గీతలో లేదన్నమాట. తీసేయకుండా సర్దండి.

అపోహ: గ్రీజు ఎంత పూస్తే అంత మంచిది.

వాస్తవం: బ్లేడును పైకి కిందికి తిప్పే గేర్ల మీద గ్రీజు పూస్తే పొట్టు అంటుకుని ముద్దగా గట్టిపడుతుంది. చక్రం తిరగదు. అది గీకేసి, కిరోసిన్‌తో కడిగి ఆరాక, మైనమో గ్రాఫైట్ పొడో రాయండి. గ్రీజు నిపిల్ ఉన్న పిల్లో బ్లాకుకే, అదీ కొద్దిగా. రెండు వైపులా రబ్బరు సీలున్న బేరింగుకు అసలు అక్కర్లేదు. అది గరగరమంటే మార్చడమే.

మిగతావి వరుసగా. చేతికి గ్లవుజులు వేళ్ళను కాపాడవు, పన్నుకు చిక్కి చేతిని లోపలికి లాగుతాయి. చెక్కను నెట్టే కర్ర, అంటే పుష్ స్టిక్ వాడండి. పోత ఇనుము టేబుల్ తుప్పు 320 గ్రిట్ ఎమరీ, కిరోసిన్‌తో పోతుంది. తర్వాత మైనపు పాలిష్ రాయండి. సిలికాన్ ఉన్న కారు పాలిష్ రాస్తే చెక్కకు అంటుకుని, దాని మీద వార్నిష్ చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. బ్లేడు మీద గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) రాసి ఉంటుంది. 1440 ఆర్‌పీఎం మోటారుకు ఆరు అంగుళాల పుల్లీ, షాఫ్టుకు మూడు అంగుళాలది ఉంటే బ్లేడు 2880 తిరుగుతుంది. "ఇంకా స్పీడు రావాల" అని షాఫ్టు పుల్లీ చిన్నది వేసే ముందు ఈ లెక్క వేసి బ్లేడు మీద అంకెతో పోల్చండి. మోటారు గుయ్యిమని తిరక్కపోతే కాలిపోయిందని వైండింగుకు ఇవ్వకండి. సింగిల్ ఫేజ్ అయితే ముందు కెపాసిటర్, ఆ తర్వాత పొట్టు నిండిన సెంట్రిఫ్యూగల్ స్విచ్ (మోటారు వేగం అందుకోగానే స్టార్టింగ్ వైండింగును విడదీసేది) చూడమనండి. సన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో నడిపే రెండు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు కూడా ఇలాగే నీరసపడుతుంది, దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి.