మోరీ పెద్దదైతే మునగమా? వాన నీళ్లపై అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో వాన నీటి కాలువల సర్వేలు, డిజైన్లు చేయడం నా పని. వానాకాలం వస్తే చాలు, ఇవే మాటలు మళ్లీ మళ్లీ వింటాను.

అపోహ: మోరీ వెడల్పు చేసి సిమెంటు వేస్తే కాలనీ మునగదు.

వాస్తవం: మీ కాలనీ మునగకపోవచ్చు, పల్లంలో ఉన్న కాలనీ మునుగుతుంది. మట్టి నేల వానను కొంత తాగి, మిగిలింది మెల్లగా వదులుతుంది. సిమెంటు మీద పడ్డదాంట్లో దాదాపు 90 శాతం అప్పటికప్పుడే పారుతుంది. నున్నటి మోరీ దాన్ని ఇంకా తొందరగా కిందికి తెస్తుంది. నాలుగు కాలనీల నీళ్లు ఒకేసారి ఒకే కల్వర్టు దగ్గరికి వస్తే పొంగక ఏం చేస్తుంది? 2020 ఆగస్టులో మా హన్మకొండలోని నయీంనగర్ మునిగినప్పుడు అందరూ నాలా వెడల్పు గురించే మాట్లాడారు. వెడల్పు కావాలి, కాదనను. కానీ పైన నీళ్లు ఆగే చోటు లేకపోతే కింద ఎంత తవ్వినా చాలదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వానను మోసే మోరీ ఏ ఊళ్లోనూ కట్టలేం.

అపోహ: చెరువు ఎండింది, ఇక అది ఖాళీ జాగానే.

వాస్తవం: కాకతీయుల కాలం నుంచీ మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోవాలి. శిఖం భూమి (చెరువు నిండితే మునిగే జాగా), నడుమ వాగుదారి ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే ఉంటాయి. ఆ జాగా నీళ్లది. ప్లాటు కొనేముందు గ్రామ నక్షాలో వాగు గీత ఉందేమో చూడండి. పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు బఫర్, అంటే ఖాళీగా వదలాల్సిన జాగా, అందులో ఇల్లు కట్టొద్దు. నేను సర్వేకు పోయిన చోట ముందుగా అక్కడి ముసలివాళ్లను అడుగుతాను: "పెద్దయ్యా, వెనుకట ఇక్కడ నీళ్లు ఎటు పోయేవి?" సర్వే మిషన్ ఆ తర్వాతే బయటికి తీస్తాను.

అపోహ: మోరీలో సగం పూడిక ఉన్నా సగం నీళ్లన్నా పోతాయి.

వాస్తవం: పోవు. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు మోరీలో రెండడుగులు పూడిక పేరుకుంటే, లెక్క ప్రకారం దాని సత్తా 43 శాతానికి పడిపోతుంది. పైగా చెత్త. ఒక కల్వర్టు నోట్లో అడ్డంపడ్డ పరుపును ముగ్గురం కలిసి లాగాం. దాని వెనక కొబ్బరి బోండాలు, కవర్లు గోడ కట్టినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. పరుపు ఊడిరాగానే పైవీధిలో మోకాలిలోతు నీళ్లు పది నిమిషాల్లో దిగిపోయాయి. పూడిక తీసేది మే నెలలో. జులైలో తీస్తే ఒడ్డున పోసిన మట్టి మళ్లీ అందులోకే జారుతుంది.

అపోహ: ఇంకుడు గుంత ఒకటి తీస్తే ఇంటి వాన నీళ్లన్నీ ఇంకిపోతాయి.

వాస్తవం: 200 గజాల స్లాబు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే ఎనిమిది వేల లీటర్లు దాటుతుంది. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గుంతను కంకరతో నింపితే, అందులో ఒకసారికి పట్టేవి వెయ్యి లీటర్లకు కాస్త ఎక్కువ. అందుకే ముందు సంపు, అది నిండాక గుంత. మొదటి వాన మాత్రం బయటికి వదలండి, స్లాబు మీది దుమ్మంతా అందులోనే ఉంటుంది. గుంత తవ్వాక, కంకర వేయకముందే, నిండా నీళ్లు పోసి కర్ర దింపి చూడండి. గంటలో ఎంత దిగిందో తెలుస్తుంది. ఎర్ర చల్కలో తొందరగా దిగుతాయి. రేగడి నేలలో పొద్దుటి దాకా అక్కడే నిలుస్తాయి, అలాంటి చోట గుంత మీద పెట్టే డబ్బు సంపు పెద్దది చేయడానికి పెట్టండి.