కొండ మీద ఇల్లు కట్టాలంటే

చిరంజీవులు మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

మన శ్రీకాకుళం జిల్లాలో కొండ మీదున్న పాత బౌద్ధ క్షేత్రం శాలిహుండం చూసొచ్చి మీరు రాసిన ఉత్తరం అందింది. స్తూపాలు బాగున్నాయని, ఎండకి మాడిపోయామని రాశారు. "కొండ పైనే అద్దాలతో మూడంతస్తుల బిల్డింగ్ కట్టేస్తే ఎంత బాగుంటుంది తాతయ్యా!" అని చిన్నోడు అడిగాడు. జీవితమంతా ఇళ్ళు కట్టించిన వాణ్ణి కదా, ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను.

చూడ్డానికి వచ్చేవాళ్ళకి నీడ, మంచినీళ్ళు, మరుగుదొడ్డి, ఆ చోటు కథ చెప్పే ఒక గది కావాలి. అది న్యాయమైన కోరికే. కానీ జనం ఆ కొండ ఎక్కేది దేనికి? ఎప్పటివో ఆ ఇటుక స్తూపాల కోసం, పక్కనే పారే వంశధార కోసం. 1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన చోటది. దాని నెత్తిన మూడంతస్తులు లేపితే, కింద ఊళ్ళోంచి తలెత్తి చూసినవాళ్ళకి కనిపించేది స్తూపాలు కాదు, మన బిల్డింగే. అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఎలా కట్టాలన్నది కాదు, ఎక్కడ కట్టకూడదన్నది.

శ్రీలంకలో జెఫ్రీ బావా అనే పెద్ద ఆర్కిటెక్ట్ ఉండేవారు. పాతకాలపు కోట ఉన్న సిగిరియా కొండ దగ్గర హోటల్ కట్టమని ఆయన్ని అడిగితే, అక్కడ వద్దని చెప్పి, దూరంగా కందలమ చెరువు ఒడ్డున ఒక కొండవాలు చూపించారు. 1990లలో కట్టిన ఆ హోటల్‌ని స్తంభాల మీద నిలబెట్టారు, వాన నీళ్ళు కింద నుంచి తమ దారిన తాము పోవాలని. అడ్డొచ్చిన బండల్ని పగలగొట్టకుండా వదిలేశారు. ఇప్పుడు తీగలల్లుకుని, దూరం నుంచి చూస్తే ఏది కొండో ఏది గోడో తేల్చుకోవడం కష్టం.

ఉత్తర ఐర్లండ్‌లో జెయింట్స్ కాజ్‌వే అని సముద్రపు ఒడ్డు ఉంది. ఆరు కోట్ల ఏళ్ళ కిందట లావా చల్లారి బిగుసుకున్నప్పుడు పగుళ్ళిచ్చి, దాదాపు 40,000 రాతి స్తంభాలుగా నిలబడింది. అక్కడి పాత సందర్శకుల కేంద్రం 2000లో కాలిపోతే, కొత్తది 2012లో తెరిచారు. నేల అంచుని కాస్త పైకెత్తి, దాని కింద గదులు దూర్చినట్టు కట్టారు. గోడలకి వాడింది ఆ ప్రాంతపు నల్లరాయే. పైకప్పంతా గడ్డి, దాని మీద నడిచి వెళ్ళొచ్చు. కార్లు ఆపే చోటుని కూడా నేలలో కిందికి దింపారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మన దగ్గర ఎంత మంచి భవనం కట్టినా, దాని ముందు బస్సులు, కార్లు, బజ్జీల బళ్ళు చేరి చోటంతా పాడుచేస్తాయి. బళ్ళ సంగతి ముందే ఆలోచించినవాడే అసలైన పనివాడు.

అలాగని గడ్డి కప్పు తెచ్చి శ్రీకాకుళంలో పెడదామా? వద్దు. అక్కడ ఏడాది పొడుగునా చినుకులే. మనకి మే నెలలో గడ్డి మాడి మసైపోతుంది. దాన్ని బతికించడానికి కొండ మీదికి నీళ్ళు మోయాలి. వాళ్ళు తమ నేలని అడిగి కట్టారు, మనం మన నేలని అడగాలి.

మన నేల జవాబు మన ఊళ్ళలోనే ఉంది. బెస్తపల్లెల్లో ఇంకా అక్కడక్కడా మిగిలిన చుట్టిల్లు చూడండి. గుండ్రటి మట్టి గోడ, పైన తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే పెద్దవాళ్ళు నడుం వంచి లోపలికెళ్ళాలి. గోడ గుండ్రంగా ఉంటే గాలి ఎదురుగా గుద్దుకోదు, చుట్టూ జారిపోతుంది. చూరు కిందికి ఉంటే గాలి లోపల దూరి కప్పు లేపదు. ఎండ కూడా గోడ మీద పడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకి 140 కిలోమీటర్లు దాటింది. అలాంటి గాలొచ్చే చోట పెద్ద పెద్ద అద్దాలు పెట్టడం ప్రమాదం. అవి పిట్టలకీ ప్రమాదమే. అద్దంలో ఆకాశం కనిపిస్తే అది నిజమనుకుని వచ్చి కొట్టుకుంటాయి. తేలినీలాపురానికి పెలికాన్లు వచ్చే జిల్లా మనది, అది గుర్తుండాలి.

తాటాకు కొన్నేళ్ళకోసారి మార్చాలి, నిప్పంటే భయం. కాబట్టి జనం వచ్చిపోయే చోట శ్లాబు వేయక తప్పదు. కానీ శ్లాబు అడుగు భాగంలో కాంక్రీటు మోసే బరువు తక్కువ. అక్కడ కొంతమేర పాత పెంకులు పేర్చి పోస్తే సిమెంటు, ఇనుము రెండూ కలిసొస్తాయి, గదిలో వేడీ తగ్గుతుంది. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ గారు ఈ పద్ధతిని బాగా వాడారు. మన ఊళ్ళలో పడగొట్టిన పెంకుటిళ్ళ పెంకులు ఎన్ని కుప్పలు పడున్నాయో మీకే తెలుసు.

ఇక రాయి. తూర్పు కనుమల్లో చాలాచోట్ల దొరికేది ఖోండలైట్ అనే రాయి. చేతిలోకి తీసుకుని చూస్తే తుప్పు రంగు మచ్చలు, మధ్యలో ఎర్రటి గింజలు కనిపిస్తాయి. ఆ గింజలే గార్నెట్ అనే ఖనిజం. కోణార్క గుడికి ఎక్కువగా వాడింది ఈ జాతి రాయే. ఉప్పుగాలికి అక్కడ ఎంత అరిగిందో చూసినవాళ్ళు, బయటి గోడకి ఏరి ఏరి గట్టి రాయే పెడతారు. టెక్కలి నీలి గ్రానైట్ మంచిదే, కానీ పాలిష్ పెట్టి మెట్లకి వేస్తే వానాకాలంలో ఎవరో ఒకరి కాలు విరగడం ఖాయం. గరుకుగా చెక్కించి వేస్తే బంగారం.

ఈసారి వానలు పడుతున్నప్పుడు నాన్నతో కలిసి మళ్ళీ వెళ్ళండి. కొండ మీంచి నీళ్ళు ఏ దారిన దిగుతున్నాయో, పడమటి ఎండ ఏ పక్కన కొడుతుందో, నానమ్మ లాంటివాళ్ళు మెట్లెక్కలేకపోతే కిందే కూర్చుని ఏం చూడగలరో రాసుకోండి. తర్వాత కొండ కింద ఒక చోటు ఎంచుకుని, మీరనుకున్న భవనం బొమ్మ గీసి పంపండి. ఉత్తరం ఎటో బాణం గుర్తు పెట్టడం, మరుగుదొడ్డి నీళ్ళు ఎటు పోతాయో చూపించడం మరిచిపోకండి. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది పంపిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య