పార్శ్వపు నొప్పి మాత్ర, డిప్రెషన్ మాత్ర: కాలేయంలో ఒకే టోల్‌గేటు

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పార్శ్వపు నొప్పికి న్యూరాలజిస్టు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు, నొప్పి లేచినప్పుడు వేసుకోవడానికి సుమాట్రిప్టాన్ రాశారు. డిప్రెషన్‌కు సైకియాట్రిస్టు ఫ్లుఆక్సెటిన్ ఇచ్చారు. మందుల పెట్టెలోని కాగితంలో 'సెరటోనిన్ సిండ్రోమ్' అని చదివాక భయం పట్టుకుంది. ఏది మానేయమంటారు?"

సొంతంగా ఏదీ మానవద్దు. రెండు చీటీలూ ఇద్దరు డాక్టర్లకూ చూపించండి. ఇక ఆ కాగితం సంగతి. అసలు జాగ్రత్త పడాల్సిన చోటును వదిలేసి అది మనల్ని మరోచోట భయపెడుతోంది.

సెరటోనిన్ మెదడులో కబుర్లు మోసే రసాయనం; అది మితిమీరి ఒళ్లు అదుపు తప్పడమే ఈ సిండ్రోమ్. సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లను, ఫ్లుఆక్సెటిన్ లాంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తరహా (సెరటోనిన్‌ను పెంచే డిప్రెషన్) మందులతో కలిపితే ఇది రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో హెచ్చరించింది. 2018లో వెలువడిన ఒక అధ్యయనం బోస్టన్ ప్రాంతంలో 14 ఏళ్ల రికార్డులను తిరగేసింది. రెండు రకాలూ రాయించుకున్న 19,017 మందిలో కచ్చితంగా సెరటోనిన్ సిండ్రోమే అని తేలింది ఇద్దరికి మాత్రమే. కారణం గ్రాహకాల్లో ఉంది. సెరటోనిన్‌ను పట్టుకునే గ్రాహకాలు మన ఒంట్లో పద్నాలుగు రకాల దాకా ఉన్నాయి. ట్రిప్టాన్లు పనిచేసేది ముఖ్యంగా 1బి, 1డి రకాల మీద. కండరాలు బిగిసి, జ్వరం పేలిపోయి, ప్రాణం మీదికి వచ్చేది ప్రధానంగా 2ఎ వల్ల. ట్రిప్టాన్లు దాని జోలికి దాదాపు పోవు.

నిజంగా హడలిపోవాల్సిన జోడీలు వేరే ఉన్నాయి. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జియాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి ఫినెల్జిన్ అనే డిప్రెషన్ మందు వాడుతుండగా ఆసుపత్రిలో పెథిడిన్ అనే, సెరటోనిన్‌ను పెంచే నొప్పి మందు ఇచ్చారు; ఆమె చనిపోయింది. ఫినెల్జిన్ ఎంఏఓ నిరోధకం, అంటే సెరటోనిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపేసే మందు. మొండి క్షయకు మన దగ్గర వాడే లినెజోలిడ్‌కూ ఆ గుణం కొంత ఉంది. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ వాడేవారు ఆ మాట క్షయ డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం: కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైము. అవుటర్ రింగ్ రోడ్డు దిగే చోట టోల్‌గేటును ఊహించుకోండి. వాహనాలు మందులు. గేటు దాటితేనే ఊళ్లోకి దిగుతాయి, అంటే రక్తంలోంచి తొలగిపోతాయి. అమిట్రిప్టిలిన్, ప్రొప్రనొలాల్, ఫ్లునరిజిన్ అన్నీ ఈ గేటును వాడుకునేవే. పార్శ్వపు నొప్పి రాకుండా రోజూ వేసుకునేవీ ఇవే. ఫ్లుఆక్సెటిన్ సరిగ్గా గేటులో ఆగిపోయిన లారీ. వెనక వరుస పెరుగుతుంది, రక్తంలో మందు మోతాదు పెరుగుతుంది. అమిట్రిప్టిలిన్ బంధువులైన ఇమిప్రమిన్, డెసిప్రమిన్‌ల స్థాయి ఫ్లుఆక్సెటిన్ తోడైతే రెండు నుంచి పది రెట్లకు పైగా పెరిగిన సందర్భాలున్నాయి. అమిట్రిప్టిలిన్‌కు సీవైపీ2సీ19 అనే పక్క గేటు కూడా ఉంది కానీ, ఫ్లుఆక్సెటిన్ దాన్నీ ఇరుకు చేస్తుంది. ఫ్లుఆక్సెటిన్ కోవకే చెందిన పారాక్సెటిన్ తీరు మరీ ఘోరం. అది గేటు యంత్రాన్నే పాడు చేస్తుంది. కాలేయం కొత్త ఎంజైము తయారు చేసుకునేదాకా దారి తెరుచుకోదు. అదే కోవలోని సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ మామూలు మోతాదులో ఒక పక్కగా ఆగిన ఆటోల్లాంటివి, కాస్త నెమ్మదింపే తప్ప దారి మూసుకుపోదు. నొప్పి మాత్ర ట్రమడాల్‌ది తలకిందుల వ్యవహారం. గేటు దాటాకే దానికి నొప్పి తగ్గించే బలం వస్తుంది. గేటు మూసుకుంటే నొప్పి తగ్గదు, మూర్ఛ వచ్చే ప్రమాదం, సెరటోనిన్ ముప్పు మాత్రం మిగులుతాయి.

కాబట్టి పాఠకురాలి విషయంలో నేను చూసేది సుమాట్రిప్టాన్‌ను కాదు, ఆ చిన్న అమిట్రిప్టిలిన్ మాత్రను. పది మిల్లీగ్రాములను డాక్టర్లు తెలిసే కలిపి ఇస్తుంటారు. నొప్పి తగ్గలేదని 25కు, 50కు పెంచుకుంటూ పోయినప్పుడే చిక్కు. నోరు పిడచకట్టడం, పగలంతా మత్తు, మలబద్ధకం, గుండె దడ కనిపిస్తే డాక్టరుకు చెప్పాలి. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుంటే రెండు జబ్బులకూ పనికొచ్చే వెన్లఫాక్సిన్ లాంటిదాన్నీ ఆలోచించవచ్చు. ఫ్లునరిజిన్ మాత్రం డిప్రెషన్‌ను తానే తెచ్చిపెట్టగలదు. ఆ జబ్బు ఉన్నవారికి అది తగదు.

వీటన్నిటికంటే ప్రమాదం దాచడం. హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న 'ఎర్రగడ్డ' అన్న పేరునే తిట్టుగా వాడేవాళ్లున్నారు. అందుకే పార్శ్వపు నొప్పికి మంత్రం వేయించుకున్న సంగతి డాక్టరుకు ధైర్యంగా చెప్పేవారు కూడా డిప్రెషన్ మాత్ర ఊసెత్తరు. అడిగితే 'నిద్రమాత్ర' అంటారు. ఆ ఒక్క అబద్ధంతో న్యూరాలజిస్టు లెక్కంతా తప్పుతుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

కొత్త మాత్ర మొదలుపెట్టిన, మోతాదు పెంచిన మొదటి ఇరవై నాలుగు గంటల్లో వణుకు, చెమటలు, జ్వరం, నిలవలేని కంగారు వస్తే ఎమర్జెన్సీకి వెళ్లాలి. అక్కడ డాక్టరు మీ పాదాన్ని పట్టుకుని ఒక్కసారిగా పైకి వంచి, అలాగే నొక్కి పట్టుకుంటారు. సెరటోనిన్ మితిమీరితే ఆ పాదం ఆయన చేతిలో దానంతటదే టకటకా కొట్టుకుంటుంది.

చివరగా ఒక సంగతి. ఫ్లుఆక్సెటిన్ మానేసిన రోజే గేటు తెరుచుకోదు. అది ఒంట్లో నార్‌ఫ్లుఆక్సెటిన్‌గా మారుతుంది. ఆ పదార్థం సగానికి తగ్గడానికే 4 నుంచి 16 రోజులు పడుతుంది. అందుకే పోయిన నెల ఆపేసిన మాత్ర పేరు కూడా చీటీ మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.