చిత్తకు దిగువన ఒక పరాయి గెలాక్సీ శకలం

మే నెలలో మబ్బు లేని రాత్రి పది గంటల ప్రాంతంలో దక్షిణం వైపు తిరిగి తలెత్తితే, బాగా ఎత్తున తెల్లగా వెలిగే చిత్త నక్షత్రం కనిపిస్తుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో దాదాపు పది డిగ్రీలు. చిత్త నుంచి నేరుగా కిందికి మూడున్నర పిడికిళ్ళు దిగండి. అనంతపురం, కడప, కర్నూలు ఎక్కడి నుంచి చూసినా దిగంతానికి ఇంకా 27, 28 డిగ్రీల ఎత్తులో ఒక మసక చుక్క తగులుతుంది. ఊరి దీపాలు వీపు వెనక పడాలి. అంటే ఊరికి దక్షిణాన, వేసవిలో ఖాళీగా ఉండే వేరుసెనగ చేలలోకి వెళ్ళి నిలబడాలి. చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక బైనాక్యులర్ ఎత్తితే అది చుక్క కాదని, నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా ఉన్న గుండ్రటి వెలుగని తెలుస్తుంది. దాని పేరు ఒమేగా సెంటారీ.

లండన్ ఆకాశంలో ఇది ఎన్నటికీ ఉదయించదు. ఇంగ్లండు ఖగోళవేత్త ఎడ్మండ్ హేలీ 1677లో దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలినా ద్వీపానికి వెళ్ళాకే, ఇది మామూలు నక్షత్రం కాదని నమోదు చేయగలిగాడు. మనం చేను గట్టు దాకా వెళితే చాలు. మన అక్షాంశం మనకిచ్చిన ఈ వరాన్ని బడిపిల్లలకు చూపించకుండా వదిలేస్తున్నామన్నది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఒమేగా సెంటారీ మనకు సుమారు 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అందులో దాదాపు కోటి నక్షత్రాలున్నాయి. పరస్పర ఆకర్షణతో ఇలా గుండ్రంగా కట్టుబడిన సమూహాలను గోళాకార నక్షత్ర గుచ్ఛాలు అంటారు. మన పాలపుంతలో ఇలాంటివి 150కి పైగా తెలుసు. వీటిలో చాలావాటి వయసు 1,100 కోట్ల నుంచి 1,300 కోట్ల ఏళ్ళు. మన సూర్యుడికి 460 కోట్ల ఏళ్ళే.

విశ్వంలో మన చోటు ఎక్కడో మొదట చెప్పినవి కూడా ఈ గుచ్ఛాలే. వీటిలో ఆర్ఆర్ లైరే అనే రకం తారలు కొన్ని గంటల వ్యవధిలో పెరుగుతూ తగ్గుతూ వెలుగుతాయి. వాటి అసలు ప్రకాశం అన్నిటికీ దాదాపు ఒకటే కాబట్టి, ఎంత మసకగా కనిపిస్తే అంత దూరంలో ఉన్నట్టు లెక్క. అమెరికా ఖగోళవేత్త హార్లో షేప్లీ ఈ లెక్కలు కట్టి, గుచ్ఛాలు మన చుట్టూ సమంగా లేవని, ధనుస్సు రాశి దిక్కున గుమిగూడాయని గమనించాడు. పాలపుంత కేంద్రం అటు ఉందని, సూర్యుడు ఒక పక్కన ఎక్కడో ఉన్నాడని 1918లో ప్రకటించాడు. ఆ కేంద్రం మనకు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, ఆయన లెక్కలో అంతకంటే చాలా ఎక్కువ వచ్చింది. నడుమ ఉన్న ధూళి కాంతిని మింగేస్తుందన్నది అప్పటికి లెక్కలోకి రాలేదు. అంకె తప్పినా దిక్కు తప్పలేదు.

ఈ గుచ్ఛాల్లో చాలావరకు గెలాక్సీ పళ్ళేన్ని, అంటే ఎక్కువ తారలు తిరిగే బల్లపరుపు భాగాన్ని, అన్ని వైపులా ఆవరించిన పలచని ప్రాంతంలో తిరుగుతుంటాయి. దాన్ని నక్షత్ర పరివేషం అంటారు. పాలపుంత నక్షత్రాల్లో పరివేషానికి చెందినవి నూటికి ఒకటి ఉంటాయేమో. అయినా గెలాక్సీ పూర్వచరిత్ర తెలియాలంటే వెతకవలసింది అక్కడే. పళ్ళెంలో సూర్యుడు కేంద్రం చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి సుమారు 23 కోట్ల ఏళ్ళు పడుతుంది. అక్కడ ఏది వచ్చి పడినా వందల కోట్ల ఏళ్ళలో ఎన్నో చుట్లు తిరిగి, కలిసిపోయి, ఆనవాలు చెరిగిపోతుంది. పరివేషం వెలుపలి అంచుల్లో ఒక్క చుట్టుకే వందల కోట్ల ఏళ్ళు కావాలి. ఎప్పుడో చిరిగిపోయిన చిన్న గెలాక్సీ తాలూకు తారలు అక్కడ ఇంకా సన్నని ధారలుగా, వచ్చిన దారినే సాగుతుంటాయి.

పాత కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న జ్వాలాపురంలో పొలాల కింద తెల్లని బూడిద పొర ఉంది. సుమారు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఇంత దూరం వచ్చి పడిన బూడిద అది. మట్టిలో కలిసిపోకుండా విడిగా నిలిచింది కాబట్టే, రసాయన పరీక్షతో అది ఎక్కడిదో తేల్చగలిగారు. పరివేషంలోని పరాయి నక్షత్రాలనూ ఇలాగే పట్టుకుంటారు. చిన్న గెలాక్సీల్లో నక్షత్రాలు నిదానంగా పుడతాయి. అందువల్ల అక్కడి తారల్లో ఇనుముకూ మెగ్నీషియంకూ ఉండే నిష్పత్తి పాలపుంతలోనే పుట్టిన వాటికంటే వేరుగా ఉంటుంది. నక్షత్రం వర్ణపటంలోని నల్లగీతలు ఆ తేడాను బయటపెడతాయి. దానికి కదలిక కూడా తోడైతే పుట్టుపూర్వోత్తరాలు దొరికినట్టే.

1994లో ధనుస్సు రాశి దిక్కున, పాలపుంత ఇప్పుడే చీల్చుకు తింటున్న ఒక మరుగుజ్జు గెలాక్సీ బయటపడింది. అంతకుముందు రెండు శతాబ్దాలకు పైగా మామూలు గుచ్ఛంగానే లెక్కలో ఉన్న మెసియే 54 (ఫ్రెంచి ఖగోళవేత్త మెసియే జాబితాలో 54వది) దాని నడిబొడ్డున ఉంది. యూరప్ అంతరిక్ష సంస్థ 2013లో పంపిన గయా దూరదర్శిని కోట్లాది తారల కదలికలను కొలిచింది. సుమారు వెయ్యి కోట్ల ఏళ్ళ కిందట పాలపుంత ఒక పెద్ద గెలాక్సీని తనలో కలుపుకుందని 2018లో ఆ కొలతలను బట్టే తేలింది. ఒమేగా సెంటారీ మీద కూడా అనుమానం పాతదే. మామూలు గుచ్ఛంలో తారలన్నిటి ఇనుము పాలు ఇంచుమించు ఒకటే. ఇందులో అది రకరకాలుగా ఉంది, అంటే తారలు ఒకే విడతలో పుట్టలేదు. హబుల్ అంతరిక్ష దూరదర్శిని ఇరవై ఏళ్ళకు పైగా తీసిన చిత్రాలను పోల్చి చూస్తే, దీని నడుమ ఏడు నక్షత్రాలు పారిపోవలసినంత వేగంతో కదులుతూ కూడా పారిపోకుండా ఉన్నాయని 2024లో తెలిసింది. వాటిని పట్టి ఉంచాలంటే కనీసం 8,200 సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉండాలి. చిత్త కింద మనం చూసే ఆ మసక వెలుగు, పాలపుంత మింగగా మిగిలిన ఒక గెలాక్సీ గర్భం అయి ఉంటుందని ఖగోళ శాస్త్రవేత్తల్లో చాలామంది భావిస్తున్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఒక్క పాలపుంతను చూసి అన్ని గెలాక్సీల సంగతీ చెప్పలేం. పొరుగున 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఆండ్రోమెడా గెలాక్సీ ఉంది. దాని పరివేషం వెలుగు చీకటి ఆకాశపు సహజ కాంతిలో వెయ్యో వంతు కూడా ఉండదు. అందుకే వెలుగును కొలిచే ఆశ వదులుకుని, ఒక్కొక్క ఎర్రని మహాతారనూ విడివిడిగా లెక్కపెడతారు. అలా లెక్కపెట్టగానే 2001లో ఒక మహా నక్షత్ర ధార పటం మీద తేలింది. తరువాత హవాయిలోని టెలిస్కోపుతో మరింత విస్తారంగా గాలించారు. ఆండ్రోమెడా కేంద్రానికి దూరంగా ఉన్న గుచ్ఛాలు చాలావరకు ఇలాంటి ధారల మీదే ఉన్నాయని, అవి చిన్న గెలాక్సీల వెంట వచ్చి చేరినవని అర్థమైంది. వాటి వేగాలు కొలిచినవారికి రెండు గుంపులు కనిపించాయి. అవి దాదాపు ఒకదానికొకటి అడ్డంగా ఉన్న అక్షాల చుట్టూ తిరుగుతున్నాయి. ఆండ్రోమెడా రెండు వేర్వేరు కాలాల్లో, రెండు వేర్వేరు దిక్కుల నుంచి వచ్చిన వాటిని కలుపుకుందని 2019లో వెలువడిన ఆ పరిశోధన చెప్పింది.

ఇంకా దూరం పోతే తారలు విడిగా కనిపించవు. అప్పుడు గుచ్ఛాలే దిక్కు. కన్య రాశిలోని మెసియే 87 చుట్టూ పది వేలకు పైగా ఉన్నాయి. గుచ్ఛాల మొత్తం బరువుకూ, వెలుగివ్వకుండా ఆకర్షణ మాత్రమే చూపే కృష్ణ పదార్థంతో కలిపి గెలాక్సీ మొత్తం బరువుకూ మధ్య నిష్పత్తి చాలావరకు స్థిరంగా ఉంటుందని గమనించారు. కంటికి కనిపించని దాన్ని తూచడానికి ఇంత చవకైన తక్కెడ మరొకటి దొరకదు. చిక్కల్లా గుర్తుపట్టడంలోనే ఉంది. అంత దూరాన గుచ్ఛం చుక్కలాగే ఉంటుంది, ముందున్న మామూలు నక్షత్రమూ చుక్కలాగే ఉంటుంది. చిత్తకూ ఒమేగా సెంటారీకీ మధ్య గీత మీదే, ఒమేగాకు నాలుగున్నర డిగ్రీల పైన సెంటారస్ ఏ అనే గెలాక్సీ ఉంది. దూరం సుమారు కోటీ ఇరవై లక్షల కాంతి సంవత్సరాలు. బాగా చీకటి ఉన్న చోట బైనాక్యులర్‌కు అందుతుంది. దాని గుచ్ఛాలను ఏరడానికి గయా కొలతలు వాడారు. ముందున్న నక్షత్రమైతే ఏడాది ఏడాదికి కాస్త జరుగుతుంది, గుచ్ఛం జరగదు. పైగా గుచ్ఛం చుక్క రవ్వంత ఉబ్బి ఉంటుంది.

అన్ని గెలాక్సీలకూ ఇంత సందడి చరిత్ర లేదు. టెలిఫొటో కటకాలను వరుసగా పేర్చి కట్టిన డ్రాగన్‌ఫ్లై అనే పరికరంతో 2014లో మెసియే 101ని చూస్తే, పరివేషం దాదాపు లేనే లేదు. అంత పెద్ద గెలాక్సీ ఎవరినీ పెద్దగా మింగకుండా ఎలా పెరిగిందన్నది ఇంకా తెగని ప్రశ్న.

ఈ పనిలో చేరడానికి సొంత టెలిస్కోపు అక్కర్లేదు. 2022లో విడుదలైన గయా సమాచారంలో సుమారు 180 కోట్ల తారలున్నాయి. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. అనంతపురంలోనో కడపలోనో బీఎస్సీ చదివే విద్యార్థి, జ్యేష్ఠ నక్షత్రం పక్కనే ఉన్న మెసియే 4 గుచ్ఛంతో మొదలుపెట్టవచ్చు. ఆ చుట్టుపక్కల తారలన్నీ ఏడాదికి ఎటు, ఎంత జరుగుతున్నాయో గ్రాఫు మీద చుక్కలుగా పెడితే చాలు. గుచ్ఛానికి చెందిన వేల తారలు, మిగతా గుంపు నుంచి విడిపోయి, ఒక పక్కన వేరే ముద్దగా నిలుస్తాయి.