‘చివరికి మంచిగనే అయితదా?’: చీకటి సిరీస్ ముందు ఆగిపోయే ప్రేక్షకుల కథ

కాజీపేటలో ఉండే మా పెద్దక్కకు ‘పాతాళ్ లోక్’ అనే హిందీ క్రైమ్ వెబ్ సిరీస్ చూడమని చెప్పి ఏడాది దాటింది. చెప్పిన ప్రతిసారీ ఆమె అడిగేవి మూడే ప్రశ్నలు. అందుల పిల్లలకేమన్న అయితదా? ఆడపిల్లను ఏమన్న చేస్తరా? చివరికి మంచిగనే అయితదా? మొదటి రెండింటికీ అవుననీ, మూడోదానికి ‘ఏమో, చూసినోళ్లను బట్టి’ అనీ నిజమే చెప్పాను. “అయితే ఒద్దు తమ్మీ, రాత్రి నిద్ర పట్టది” అని ఫోన్ పక్కన పెట్టేసింది.

ఈ జవాబు మా అక్క ఒక్కదానిది కాదు. హనుమకొండలో, కరీంనగర్‌లో, జగిత్యాలలో యాభై దాటిన చాలామంది నోట విన్నాను. పిరికితనం అనుకుంటే పొరపాటు. ఇదే అక్క సాయంత్రం సీరియల్‌లో అత్త పాలల్లో విషం కలుపుతుంటే చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చుంటుంది. మొహంలో ఏ మార్పూ ఉండదు. భయం విషం గురించి కాకపోతే మరి దేని గురించి? అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

టీవీ కంటే చాలా ముందు నుంచే ఈ ప్రాంతంలో రాత్రంతా కూర్చొని వినే కథలు ఉన్నాయి. ఐనవోలు మల్లన్న దగ్గర ఒగ్గు పూజారులు పట్నం అనే రంగుల ముగ్గు వేసి డోలు, తాళాలతో చెప్పే కథలు, బైండ్లవాళ్లు జమిడిక వాయిస్తూ చెప్పే ఎల్లమ్మ కథ అలాంటివే. ఎల్లమ్మ కథలో తండ్రి మాట మీద కొడుకు పరశురాముడే తల్లి తల నరుకుతాడు. ఇంతకన్నా చీకటి కథ ఏ ఓటీటీలో ఉంది? మేడారం సంగతే చూడండి. కాకతీయ సైన్యంతో పోరులో సమ్మక్క కుటుంబం మొత్తం పోతుంది, కొడుకు జంపన్న వాగులో దూకుతాడు, సంపెంగ వాగు పేరే జంపన్నవాగు అవుతుంది. సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి మాయమవుతుంది, మిగిలేది కుంకుమ భరిణె. రెండేళ్లకోసారి లక్షల మంది చంటిపిల్లలను చంకనేసుకొని ఆ గద్దెల దగ్గరికే వెళ్తారు.

అంటే మనవాళ్లకు చీకటి కథ కొత్త కాదు. ఆ కథ దగ్గర కూర్చునే తీరు మాత్రం వేరు. ఒగ్గు కథలో ప్రధాన కథకుడి పక్కన ఒకడుంటాడు. దుఃఖం గొంతు దాకా వచ్చిందని తెలియగానే అడ్డదిడ్డమైన ప్రశ్న వేసి జనాన్ని నవ్విస్తాడు. పక్కన మేనత్త ఉంటుంది, వెనక ఎవరో చాయ్ తాగుతుంటారు, నిద్రొచ్చిన పిల్లలు అక్కడే చాపమీద పడుకుంటారు. నరికిన తల మళ్లీ అతుకుతుందని, ఎల్లమ్మ దేవతయి కొలువుంటుందని అందరికీ ముందే తెలుసు. అక్క అడిగే మూడో ప్రశ్నకు జవాబు పట్నం ముగ్గులోనే ఉంటుంది.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. టీవీ చాలాకాలం వాడకట్టుకు ఒకటి. 1987 జనవరిలో ‘రామాయణ్’ మొదలయ్యేసరికి అది కూడా ఒక రకమైన ఒగ్గు కథే: ఆదివారం పొద్దున ఒకరి ఇంట్లో ముప్పై మంది, గడప దాకా చెప్పులు. దేశంలో చీకటి సిరీస్ మీద మొదటి పెద్ద గొడవ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది, ఇప్పటివాళ్లకు ఇది పెద్దగా గుర్తులేదు. 1988 జనవరిలో దూరదర్శన్ ‘తమస్’ ప్రసారం చేసింది. భీష్మ్ సాహ్నీ నవలను గోవింద్ నిహలానీ తెరకెక్కించారు. ‘తమస్’ అన్న మాటకే చీకటి అని అర్థం. దేశ విభజన ముందటి మత కల్లోలం కథ, మొదటి దృశ్యమే పందిని చంపడానికి నటుడు ఓంపురి పడే అవస్థ. ప్రసారం ఆపాలని కేసు వేశారు. బొంబాయి హైకోర్టు జడ్జిలు స్వయంగా సిరీస్ చూసి ప్రసారం కొనసాగించవచ్చన్నారు. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. దానికి నాగపూర్ హైకోర్టు పాత తీర్పు ఒకటి ఆధారం చేసుకుంది. ఒక కథ ప్రభావాన్ని స్థిరంగా, ధైర్యంగా ఆలోచించే మామూలు మనిషి కొలతతో చూడాలి, ఊగిసలాడే బలహీన మనసుల కొలతతో కాదు అనేది దాని సారాంశం.

ప్రసారం చేయాలా వద్దా అని తేల్చడానికి ఆ కొలత సరైనదే. ఇంట్లో మనిషికి సిరీస్ చెప్పేటప్పుడు అదే కొలత పట్టుకెళ్తే మాత్రం పని జరగదు. “ధైర్యంగా చూడాలె అక్కా” అన్న తమ్ముడి మాట ఏ అక్క విన్నది?

పైగా ఈ ప్రాంతపు అక్కలకు ధైర్యం గురించి చెప్పడానికి మనమెవరం? 1980ల నుంచి రెండు దశాబ్దాలకు పైగా ఉత్తర తెలంగాణ పల్లెలు అటు నక్సలైట్లు, ఇటు పోలీసుల నడుమ బతికాయి. 1985 సెప్టెంబర్ 3న హనుమకొండలో పిల్లల డాక్టర్, పౌరహక్కుల నాయకుడు రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. మా అక్క అప్పుడు డిగ్రీ విద్యార్థిని. పొద్దున పేపర్ తెరిస్తే ఎదురుకాల్పులు, రాత్రి తలుపు చప్పుడైతే ఎవరై ఉంటారోనన్న టెన్షన్, బస్సులో తనిఖీ. ఇవన్నీ ఆమెకు కథలు కావు, కాలేజీ రోజులు. ‘చూసినయ్ చాలవా?’ అని ఆమె అడిగితే దాంట్లో న్యాయం ఉంది. పోలీస్ స్టేషన్‌లో కొట్టే దృశ్యం ఢిల్లీ కుర్రాడికి థ్రిల్ కావచ్చు, ఇక్కడ కొందరికి అది ఇంటిపేరుతో సహా గుర్తొచ్చే విషయం.

మూడో ప్రశ్నకూ ఈ ఊళ్లో ఒక చరిత్ర ఉంది. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది, వారిలో ఒకరు తర్వాత చనిపోయారు. నిందితులు ముగ్గురూ రోజుల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసు అధికారికి విద్యార్థులు పూలదండలు వేశారు. తప్పా ఒప్పా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు, ఇక్కడ తెగదు కూడా. చెప్పదలచుకున్నది ఇంతే: కథ ఎలా ముగిస్తే మనసు చల్లబడుతుందో ఈ ఊరు వీధిలోనే చూసింది. ‘పాతాళ్ లోక్’ లాంటి సిరీస్‌లు సరిగ్గా ఆ ముగింపును ఇవ్వవు. దొరికినవాడే దోషియా, వాడిని అక్కడిదాకా తెచ్చిందెవరు అని తవ్వుకుంటూ పోతాయి. అందుకే కొందరికి అవి మింగుడుపడవు, అందుకే నాకు నచ్చుతాయి.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక టీవీ ఇంటింటికీ వచ్చింది. 90ల చివర్లో ఈటీవీలో ‘అన్వేషిత’ అనే భయపెట్టే సీరియల్ వచ్చినప్పుడు పెరట్లోకి ఒంటరిగా వెళ్లడానికి జంకిన పిల్లల్లో నేనొకణ్ని. ఆ దారి ఎక్కువ కాలం సాగలేదు. రోజువారీ సీరియల్‌కు ప్రకటనల డబ్బే ఆధారం. ప్రకటన ఇచ్చేవాడికి ఇంటిల్లిపాదీ టీవీ ముందే ఉండాలి, రేపు మళ్లీ రావాలి. కాబట్టి చెడ్డతనాన్ని ఒక మనిషికి అప్పజెప్పి, పెద్ద బొట్టు పెట్టి, ఆమె వచ్చినప్పుడల్లా ఒక మ్యూజిక్ వేస్తే సరిపోతుంది. విషం ఎవరు కలుపుతారో, ఎవరు తాగరో అందరికీ తెలుసు. అక్క చిక్కుడుకాయలు నిశ్చింతగా తుంచడానికి కారణం అదే.

అమెరికాలో ఈ లెక్క ముందుగా తప్పింది హెచ్‌బీఓ లాంటి చందా ఛానెళ్లలో. ప్రకటనదారు లేడు, చందాదారుడే యజమాని. 1999లో వచ్చిన ‘ది సొప్రానోస్’లో ఒక మాఫియా మనిషే ప్రధాన పాత్ర. 2002లో ‘ది వైర్’ బాల్టిమోర్ నగరాన్ని పోలీసుల వైపు నుంచీ మత్తుమందు అమ్మేవాళ్ల వైపు నుంచీ చూపించింది. దాన్ని సృష్టించిన డేవిడ్ సైమన్ అదే నగరంలో క్రైమ్ రిపోర్టర్‌గా పనిచేసినవాడు. 2008లో మొదలైన ‘బ్రేకింగ్ బ్యాడ్’ ప్రకటనలున్న కేబుల్ ఛానెల్‌లోనే వచ్చింది, అప్పటికి దారి పడిపోయింది. కెమిస్ట్రీ మాస్టారు 62 ఎపిసోడ్లలో మెల్లగా రాక్షసుడయ్యే కథ అది.

మన దగ్గరికి ఈ పద్ధతి ఒక్క ఏడాదిలో వచ్చిపడింది. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, సెప్టెంబర్‌లో జియో, డిసెంబర్‌లో ప్రైమ్ వీడియో. ఫోన్ చేతిలోకి, ఇయర్‌ఫోన్ చెవిలోకి వచ్చాయి. 2020 లాక్‌డౌన్‌లో మా ఇంట్లో జరిగింది చాలా ఇళ్లలో జరిగే ఉంటుంది. హాల్లో దూరదర్శన్ మళ్లీ వేసిన ‘రామాయణ్’ను పెద్దవాళ్లు చూశారు. మే 15న ‘పాతాళ్ లోక్’ విడుదలైతే లోపలి గదిలో తలుపు వేసుకొని మేం చూశాం. ఒకే ఇల్లు, రెండు లోకాలు. వాడకట్టంతా కలిసి విన్న కథ నుంచి, ఒక్కరే, అదీ అర్ధరాత్రి చూసే కథ దాకా వచ్చాం. నవ్వించే ఒగ్గు సహాయకుడు లేడు, పక్కన మేనత్త లేదు. ఎపిసోడ్ అయిపోగానే ఊపిరి తీసుకునేలోపు తర్వాతిది దానంతటదే మొదలవుతుంది.

తెలుగులో నమ్మకం దెబ్బతిన్న సందర్భం 2023 మార్చిలో ‘రానా నాయుడు’. వెంకటేశ్ అంటే ఇంటిల్లిపాదీ వెళ్లే సినిమా అని ముప్పై ఏళ్లుగా అలవాటైన జనం, తెలుగు డబ్బింగ్‌లో ఆయన నోట ఆ బూతులు విని గట్టిగానే విమర్శించారు. హాల్లో పెద్ద టీవీలో పెట్టుకొని రిమోట్ కోసం వెతుక్కున్నవాళ్లలో మా బావ ఒకడు. అప్పటి నుంచి అక్క దృష్టిలో వెబ్ సిరీస్ అంటే అదే. అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చిన ‘దూత’ చీకటిగానే ఉన్నా బూతుల మీద ఆధారపడలేదు. దాని పేరు ఎత్తినా ఆమె వినలేదు.

2021 ఫిబ్రవరి 25న కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు ప్రతి సిరీస్‌కు వయసు ముద్ర వేయాలి: యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ. హింస, బూతులు, లైంగిక దృశ్యాల్లాంటివి ఏవున్నాయో కూడా చెప్పాలి. మొదట్లో ఎడమవైపు పైన రెండు క్షణాలు కనిపించి మాయమయ్యే అక్షరాలు అవే. చదివేవాళ్లు తక్కువ. చదివినా ‘హింస’ అన్న ఒక్క మాటలో సుత్తితో తల పగలగొట్టడమూ ఉంటుంది, చెంపదెబ్బా ఉంటుంది. అక్క మూడు ప్రశ్నలకు ఆ ముద్ర దగ్గర జవాబు దొరకదు. చూసినవాళ్లే చెప్పాలి.

నేను ఏడాదిగా చేసిన తప్పు అక్కడే. కథ ఎంత గొప్పదో చెప్పాను, జైదీప్ అహ్లావత్ చేసిన ఇన్‌స్పెక్టర్ హాథీరామ్ ఎంత మన పక్కింటి మనిషిలా ఉంటాడో చెప్పాను. ఎప్పుడు, ఎవరితో, ఎక్కడ ఆగాలో చెప్పలేదు. మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లు. మూడోది నిందితుల గతం, అన్నిటికంటే బరువైనది. అత్యాచారం, కులం పేరుతో జరిగే ఘోరం దాంట్లోనే ఉన్నాయి. అది రాత్రి చూడకూడదు, ఒంటరిగా అసలే చూడకూడదు. హిందీ వచ్చినవాళ్లు హిందీలోనే చూడాలి, ఆ యాసలోనే సగం కథ ఉంది. రైల్వే కాలనీలో ముప్పై ఏళ్లున్న అక్కకు హిందీ సమస్యే కాదు.

ఈసారి దారి మార్చాను. ముందు ‘ఢిల్లీ క్రైమ్’ మొదటి సీజన్ చెప్పాను. విషయం వింటే ఇదే ఎక్కువ భయపెడుతుంది: 2012 డిసెంబర్ ఢిల్లీ నిర్భయ ఘటన. కానీ ఏడు ఎపిసోడ్లలో ఎక్కడా ఆ ఘోరాన్ని తెరమీద చూపించరు. మాటల్లో, ఆస్పత్రిలో, పోలీసుల మొహాల్లో తెలుస్తుంది. శెఫాలీ షా చేసిన డీసీపీ, ఆమె బృందం ఆరుగురు నిందితులను వెతికి పట్టుకోవడమే కథ. 2020లో అంతర్జాతీయ ఎమ్మీ అవార్డుల్లో ఉత్తమ డ్రామా సిరీస్‌గా నిలిచింది, మన దేశం నుంచి అది మొదటిసారి. అవార్డు సంగతి అక్కకు చెప్పలేదు, ఆమెకు దాంతో పనిలేదు. “దొరుకుతరు అక్కా, అందరూ దొరుకుతరు” అన్నాను. మధ్యాహ్నం పూట రోజుకొకటి, కోడలితో కలిసి చూడమన్నాను, తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవకుండా సెట్టింగ్ మార్చి ఇచ్చాను.

తొమ్మిది రోజులు పట్టింది. రెండు రోజులు చూడబుద్ధి కాలేదట. ఒక ఎపిసోడ్ మధ్యలో లేచి వెళ్లి బట్టలు మడతపెట్టి వచ్చిందట, కోడలు ఆపి ఉంచిందట.

మొన్న ఫోన్ చేసింది. “ఆ పాతాళం ఉన్నది గదా, మూడోది ఒక్కటి ఇడిసిపెట్టి చూస్తే సమజైతదా?”

కాదన్నాను, నడుమ వెన్నెముక తీసేసినట్టే అవుతుందన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే అది ఆయితారం పెట్టుకుంట. నువ్వు వస్తవా మరి? వచ్చేటప్పుడు బావకు చెప్పకు, రిమోట్ పట్టుకొని కూసుంటడు.”