మద్రాసుకు మొదటి ర్యాంకు, బొంబాయికి టాపర్లు

కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఏటా ఎన్ఐఆర్ఎఫ్ పేరుతో ఉన్నత విద్యాసంస్థలకు ర్యాంకులు ప్రకటిస్తోంది. 2025 దాకా వెలువడిన పది జాబితాల్లోనూ ఇంజినీరింగ్‌లో మొదటి స్థానం ఐఐటీ మద్రాసుదే. అయినా ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో తొలి వందలోపు ర్యాంకులు తెచ్చుకున్నవారిలో ఎక్కువమంది చేరేది ఐఐటీ బొంబాయి కంప్యూటర్ సైన్స్‌లో. రిజర్వేషన్ లేని, అబ్బాయిలూ అమ్మాయిలూ ఎవరైనా పొందగల (ఓపెన్ కేటగిరీ జెండర్ న్యూట్రల్) సీట్లు అక్కడ కొన్నేళ్లుగా డెబ్బైలోపు ర్యాంకుకే అయిపోతున్నాయి. సర్కారు వేసిన వరుస ఒకటి, పిల్లలూ తల్లిదండ్రులూ నమ్మే వరుస ఇంకొకటి.

చట్టంలో ఈ హెచ్చుతగ్గులు ఎక్కడా లేవు. 1961 నాటి చట్టం ఐఐటీలన్నిటికీ ఒకే హోదా ఇచ్చింది. కానీ అవి పుట్టిన తీరు వేరు. ఖరగ్‌పూర్ ఐఐటీ 1951లో, బ్రిటిష్ పాలకులు ఉద్యమకారులను నిర్బంధించిన హిజ్లీ శిబిరం భవనంలో మొదలైంది. 1958లో బొంబాయికి యునెస్కో ద్వారా సోవియట్ యూనియన్, 1959లో మద్రాసుకు పశ్చిమ జర్మనీ తోడ్పడ్డాయి. ఢిల్లీకి బ్రిటన్ అండ దొరికింది.

కాన్పూర్‌కు మాత్రం అమెరికా వచ్చింది. 1962 నుంచి పదేళ్లపాటు ఎంఐటీ, ప్రిన్స్‌టన్, బర్క్‌లీ సహా తొమ్మిది అమెరికన్ విద్యాసంస్థలు కలిసి కాన్పూర్‌ను తీర్చిదిద్దాయి. 1963లో అక్కడికి ఐబీఎం 1620 కంప్యూటర్ చేరింది, వెంటనే దానిపై పాఠాలు మొదలయ్యాయి. మద్రాసు తన పెద్ద ఐబీఎం యంత్రం కోసం 1973 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. కాన్పూర్ 1971లోనే కంప్యూటర్ సైన్స్‌లో ఎంటెక్, పీహెచ్‌డీ ప్రారంభించి, 1978లో బీటెక్ కూడా పెట్టింది. ఒక తరం టాపర్లకు కాన్పూర్ కలల చిరునామా కావడంలో ఆ పదేళ్ల ముందంజ పాత్ర చాలా ఉందని నా అభిప్రాయం. మిగతా చోట్ల మేధావులు లేక కాదు. సాయం చేసిన దేశం ఏదన్న దాన్ని బట్టి ఆధిక్యం దక్కింది.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత పరిస్థితి మారింది. సాఫ్ట్‌వేర్ కొలువులు పెరిగి, ఏ ఐఐటీ అన్న ప్రశ్నను ఏ బ్రాంచ్ అన్న ప్రశ్న వెనక్కి నెట్టింది. బ్యాంకులూ పెట్టుబడి సంస్థలూ కొలువైన మహానగరంలోనే, పొవాయ్‌లో, ప్రాంగణం ఉండటం బొంబాయికి కలిసొచ్చింది. టాపర్లు క్రమంగా అటు మళ్లారు.

ఒకసారి మళ్లాక ఆ ప్రవాహాన్ని ఆపడం కష్టం, ఎందుకంటే సీట్ల కేటాయింపు పద్ధతే దాన్ని బలపరుస్తుంది. ర్యాంకు వరుసలో పిల్లలు సీటు ఎంచుకుంటారు. ఏ కోర్సు ఏ ర్యాంకు దగ్గర ముగిసిందో ఐఐటీ సీట్ల కేటాయింపు చూసేందుకు 2015లో ఏర్పడిన ఉమ్మడి సంస్థ జోసా ఏటా బయటపెడుతోంది. ఈ పారదర్శకత మంచిదే, అవసరమే. కానీ మరుసటి ఏడాది ఆప్షన్లు పెట్టే విద్యార్థి ఆ ముగింపు ర్యాంకులనే నాణ్యతకు కొలమానంగా తీసుకుంటాడు. వందలోపు ర్యాంకు వచ్చినవాడు మద్రాసు కోరుకుంటే "ర్యాంకు వృథా చేసుకున్నావు" అనే మాట వినాల్సి వస్తుంది. నిన్నటి ఎంపిక నేటి ప్రతిష్ఠ అవుతుంది, ఆ ప్రతిష్ఠ రేపటి ఎంపికను శాసిస్తుంది. ఈ వలయంలో బోధన గురించిన ప్రశ్న ఎక్కడా రాదు.

తెలుగు నేలపై ఈ నమ్మకం మరింత గట్టిది. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య గారి శిక్షణతో పేరుపడిన ఐఐటీ కోచింగ్ తర్వాత కార్పొరేట్ కళాశాలల చేతికి వెళ్లింది. పాఠం స్థానంలో ర్యాంకుల ప్రకటన ముందుకొచ్చింది. మన పిల్లలు ఏటా పెద్ద సంఖ్యలో అర్హత సాధిస్తున్నా, ఇంట్లో మాత్రం పాత ఐఐటీ, కొత్త ఐఐటీ అన్న తేడా వినిపిస్తూనే ఉంటుంది. 2008లో ఎద్దుమైలారం తాత్కాలిక ప్రాంగణంలో మొదలై, జపాన్ సాయంతో కందిలో ఎదిగిన ఐఐటీ హైదరాబాద్ ఎన్ఐఆర్ఎఫ్ ఇంజినీరింగ్ జాబితాలో తొలి పదిలో నిలుస్తోంది. ఆ స్థాయి గుర్తింపు మన ఇళ్లలో ఇంకా రాకపోవడం బాధాకరం. 2015లో మొదలైన తిరుపతి ఐఐటీకి ఇంకెంత కాలం పడుతుందో!

అధికారిక ర్యాంకులూ ఈ వలయానికి పూర్తిగా అతీతం కావు. ఎన్ఐఆర్ఎఫ్ మార్కుల్లో పదో వంతు, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమనుకుంటున్నారన్న దానికే. అంతర్జాతీయ ర్యాంకుల మీదా సందేహాలున్నాయి. పారదర్శకత లేదంటూ 2020లో ఏడు పాత ఐఐటీలు టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ర్యాంకులకు దూరంగా ఉంటామని ప్రకటించాయి.

జోసా పట్టికలో ముగింపు ర్యాంకు పక్కనే ఆ విభాగంలో ఎంతమంది అధ్యాపకులున్నారో, ఒక్కొక్కరికి ఎంతమంది విద్యార్థులో కూడా చూపాలి. అధ్యాపకుల వివరాలను సంస్థలు ఏటా ఎన్ఐఆర్ఎఫ్‌కు ఎలాగూ సమర్పిస్తున్నాయి. వాటిని విభాగాలవారీగా ఇచ్చి, పదిహేడేళ్ల విద్యార్థి ఆప్షన్లు పెట్టే వారంలోనే అతని కంటపడేలా చేయడం కేంద్ర విద్యాశాఖకు కష్టమైన పని కాదు.