ప్రయాణంలో రాసుకోవడానికి చవకైన పరికరం: అపోహలు - వాస్తవాలు

అనువాదం, వ్యాసరచన నా వృత్తి. నా రాతలో చాలా భాగం రైళ్లలోనూ, ఎవరి కోసమో ఎదురుచూసే గదుల్లోనూ సాగుతుంది. అందుకే కొత్తగా రాస్తున్నవాళ్లు తరచూ ఒక మాట అడుగుతుంటారు: "తక్కువ డబ్బులో ఏది కొనమంటారు?" ముందు మీరు ఎక్కడ కూర్చుని రాస్తారో చెప్పండి, బల్ల దొరుకుతుందా, ఒడిలో పెట్టుకుని రాయాలా అని నేను తిరిగి అడుగుతాను. ఆ జవాబు వచ్చాకే పరికరం సంగతి. అది తేల్చుకోకుండా, ఆ నోటా ఈ నోటా విన్న మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. అలాంటి మాటల్లో ముఖ్యమైనవాటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: చవకదైనా సరే, కొత్తదే కొనాలి.

నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అన్నిటికంటే తక్కువ ధరకు అమ్మే కొత్త ల్యాప్‌టాప్‌లలో తయారీదారులు ఖర్చు తగ్గించుకునేది సాధారణంగా రచయితకు అవసరమైన చోట్లే: కీబోర్డులో, తెరలో, తెరను పట్టి ఉంచే మడతబందుల్లో. గట్టిగా నొక్కితే కీబోర్డు నడుమ కిందికి కుంగుతుంది. 4 జీబీ ర్యామ్‌ను (పని జరుగుతున్నంతసేపు యంత్రం వాడుకునే జ్ఞాపకాన్ని) బోర్డుకే అతికించేస్తే తర్వాత పెంచుకునే దారి ఉండదు. ఫైళ్లు దాచుకునే వేగమైన నిల్వ ఎస్‌ఎస్‌డీ బదులు ఈఎంఎంసీ అనే నెమ్మదైన నిల్వ పెడతారు. దాదాపు అదే డబ్బుకు, కార్యాలయాల్లో కొన్నేళ్లు పనిచేసి అమ్మకానికి వచ్చిన థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. రోజంతా టైపు చేసే ఉద్యోగుల కోసం తయారైనవి కాబట్టి వాటి కీబోర్డులు గట్టివి. చాలా మోడళ్లలో బ్యాటరీని, ఎస్‌ఎస్‌డీని మార్చుకోవచ్చు.

వాడినది కొనేటప్పుడు మాత్రం మొహమాటం పనికిరాదు. విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీయించండి. తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పూర్తిగా నిండితే పట్టే సామర్థ్యం రెండూ అందులో కనిపిస్తాయి. 50 వాట్ అవర్ల (బ్యాటరీ పట్టే విద్యుత్తుకు కొలత ఇది) బ్యాటరీ ఇప్పుడు 25 మాత్రమే పడుతోందంటే, కొత్త బ్యాటరీ ఖర్చును కూడా కలిపి బేరమాడాలి. ఖాళీ పత్రం తెరిచి ప్రతి మీటనూ ఒకసారి నొక్కండి. తెరను సగం తెరిచి వదిలితే నిలబడుతుందో, వాలిపోతుందో గమనించండి. ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయించండి. పాత యజమాని పెట్టిన బయోస్ పాస్‌వర్డ్ (విండోస్ కంటే ముందే యంత్రం అడిగేది) ఉంటే ఆ యంత్రం జోలికి పోకండి. ఇంకొక ముఖ్య విషయం: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే సాధారణంగా 8వ తరం లేదా ఆ తర్వాతిది కావాలి. అంతకంటే పాతది చేతికొస్తే విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి. రాతకు వాడే లిబ్రె ఆఫీస్, తెలుగు టైపింగ్ రెండూ దాని మీద చక్కగా నడుస్తాయి.

అపోహ: రచయితకు ఎక్కువ నిల్వ కావాలి.

అక్షరాలు ఎంత తక్కువ చోటు తీసుకుంటాయో చాలామందికి తెలియదు. అక్షరాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'క్షే' అని రాస్తే క, పొల్లు, ష, ఏత్వం అని నాలుగు సంకేతాలు, మొత్తం 12 బైట్లు. ఈ లెక్కన లక్ష మాటల నవల ఏ హంగూ లేని పాఠ్యంగా సుమారు 3 ఎంబీలోపే ఇమిడిపోతుంది. ఫోనుతో తీసిన ఒక మంచి ఫొటో అంత ఉంటుంది. నిల్వ కోసం పెట్టే అదనపు డబ్బును ర్యామ్‌కు మళ్లించండి. బ్రౌజరులో నిఘంటువు, ఆధార వ్యాసాలు తెరిచి పెట్టుకుని రాసేవారికి 8 జీబీ ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది.

అపోహ: ఫోనులో అసలైన రచన సాగదు.

సాగుతుంది. ఇబ్బంది పెట్టేది ఫోను తెర మీది కీబోర్డు. అది తెరలో సగాన్ని ఆక్రమిస్తుంది, రాసిన వాక్యం పైకి జరిగి కనుమరుగవుతుంది. మడిచి జేబులో పెట్టుకునే బ్లూటూత్ కీబోర్డు, ఫోనును నిలబెట్టే చిన్న స్టాండు ఉంటే ఆ బాధ చాలావరకు పోతుంది. చేతిలో ఇప్పటికే ఫోను ఉన్నవారికి ఇంతకంటే చవకైన మార్గం లేదు, నేను మొదట సూచించేదీ ఇదే. ఇంట్లో మామూలు యూఎస్‌బీ కీబోర్డు ఉంటే ఇంకా మేలు. ఓటీజీ సౌకర్యమున్న (యూఎస్‌బీ పరికరాలను తగిలించుకోగల) ఫోనుకు చిన్న అడాప్టరుతో తగిలించి, ఏమీ కొనకముందే ఈ పద్ధతి మీకు సరిపడుతుందో లేదో చూసుకోవచ్చు.

తెలుగులో రాసేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తెర మీద వేళ్లతో కొట్టినప్పుడు ఇంగ్లిష్ అక్షరాలను తెలుగులోకి మార్చిపెట్టే యాప్, బయటి కీబోర్డు తగిలించగానే ఆ పని మానేయవచ్చు. అందుకే నేను ప్రతి కొత్త పరికరం మీద కొన్ని మాటలు కొట్టి చూస్తాను: జ్ఞానం, ఋతువు, స్వాతంత్ర్యం, గుఱ్ఱం, ఫోన్‌లో. చివరి మాట చాలా అవసరం. 'న్' పొల్లును 'లో'తో కలిసిపోకుండా విడిగా నిలపడానికి మధ్యలో కంటికి కనపడని ఒక సంకేతం పడాలి. కొన్ని కీబోర్డు యాప్‌లలో దానికి మీటే ఉండదు, అప్పుడు అది 'ఫోన్లో' అయిపోతుంది. అరుసున్న, బండి ఱ కావలసినవారు వాటినీ వెతికి చూసుకోవాలి. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలను నేరుగా మీటలకు కేటాయించిన కీబోర్డు అమరిక) ఎప్పటినుంచో ఉంది. 2019 మే నవీకరణతో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా చేరింది. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి కొన్నాళ్లు ఓపిక పట్టాలి గానీ, ఒకసారి చేతికొచ్చాక విండోస్‌లో విడిగా ఏ యాప్ మీదా ఆధారపడనక్కర్లేదు. శ్రమకు తగ్గ ఫలితం దక్కుతుందని గట్టిగా చెబుతాను.

అపోహ: ఎంత చిన్నదైతే అంత మంచిది.

మామూలు కీబోర్డులో ఒక మీట మధ్య నుంచి పక్క మీట మధ్యకు దూరం సుమారు 19 మిల్లీమీటర్లు. మన వేళ్లకు అలవాటైన దూరం అది. 2007లో వచ్చిన 7 అంగుళాల తెర ఉన్న ఈఈఈ పీసీ వంటి చిన్న ల్యాప్‌టాప్‌లు సంచిలో ఇట్టే ఇమిడేవి. కానీ వాటి ఇరుకు మీటల మీద పేజీలకు పేజీలు కొట్టడం కష్టం. ఇప్పటి చిన్న మడత కీబోర్డులకూ ఇదే పరీక్ష పెట్టాలి. ఇక బరువు సంగతి. అట్టపెట్టె మీద రాసేది పరికరం బరువు మాత్రమే. మీరు మోసేది ఛార్జరు, తీగ, ట్యాబ్ అయితే కీబోర్డు కవరు కూడా కలిపి. ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ ఒకే యూఎస్‌బీ-సీ ఛార్జరు సరిపోయే మోడల్ దొరికితే సంచి నిజంగా తేలికవుతుంది. మరో మాట: వెనక కాలు ఊతతో నిలబడే ట్యాబ్‌కు బల్ల కావాలి. ఒడిలో రాసేవారికి గట్టి మడతబందులున్న ల్యాప్‌టాపే నయం.

అపోహ: రాత తప్ప ఇంకేమీ చేయని యంత్రమైతే ఏకాగ్రత దానంతటదే వస్తుంది.

ఈ కోరిక నాకు బాగా అర్థమవుతుంది. 2004లో వచ్చిన, కీబోర్డూ చిన్న తెరా కలిసిన రాత యంత్రం ఆల్ఫాస్మార్ట్ నియోను ఇప్పటికీ ప్రేమగా వాడేవాళ్లున్నారు. మూడు ఏఏ బ్యాటరీలతో వందల గంటలు నడుస్తుంది, ఆన్ చేయగానే రాసుకోవచ్చు, కంప్యూటర్‌కు తగిలిస్తే రాసినదంతా తనే టైపు చేసినట్టు పంపిస్తుంది. 2013లో తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవి వాడినవే. వెనక వెలుతురు లేని తెర కావడంతో చీకట్లో పనికిరాదు. అన్నిటికీ మించి తెలుగు లిపిని చూపించలేదు. ఇంగ్లిష్‌లో రాసేవారికి అది అపురూపమైన యంత్రమే. తెలుగులో రాసేవారు పాత ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, రాత కిటికీని తెరనిండా పరుచుకుంటే దాదాపు అదే ప్రశాంతత దొరుకుతుంది.

అపోహ: నెట్ లేకపోతే క్రోమ్‌బుక్ దండగ.

క్రోమ్‌బుక్ అంటే గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్. దానిలో రాతకు వాడే గూగుల్ డాక్స్‌లో, నెట్ లేకుండా పనిచేసే ఆఫ్‌లైన్ సౌకర్యం ఉంది. బయలుదేరే ముందే దాన్ని ఆన్ చేసుకోవాలి, అంతే. వాడిన క్రోమ్‌బుక్ కొనేటప్పుడు ఆ మోడల్‌కు నవీకరణలు ఏ తేదీ వరకు వస్తాయో సెట్టింగ్స్‌లో చూడండి. ఆ గడువు దాటినదాన్ని ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దు.

అపోహ: పవర్‌బ్యాంకు ఉంటే బ్యాటరీ గురించి దిగులక్కర్లేదు.

ఫోనుకైతే సరే. మామూలు 10 వాట్ల పవర్‌బ్యాంకుతో ల్యాప్‌టాప్ ఛార్జ్ కాదు. యూఎస్‌బీ పవర్ డెలివరీ (యూఎస్‌బీ-సీ తీగతో ఎక్కువ విద్యుత్తు పంపే పద్ధతి) ఉండి, మీ ల్యాప్‌టాప్ కోరినన్ని వాట్లు ఇవ్వగలిగినది కావాలి. చిన్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 45 వాట్లు సరిపోతాయి. సామర్థ్యాన్ని కూడా వాట్ అవర్లలో లెక్కించండి: 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల దగ్గర 74 వాట్ అవర్లు, అందులో కొంత వోల్టేజీ మార్పిడిలోనే వేడిగా పోతుంది. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగే పరిమితి సాధారణంగా 100 వాట్ అవర్లు. పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. అన్నిటికంటే చవకైన ఉపాయం తెర వెలుతురు తగ్గించడం, ఎందుకంటే ఉత్త రాతపనిలో ఎక్కువ విద్యుత్తు తినేది సాధారణంగా తెరే.

కొనడానికి వెళ్లినప్పుడు పరికరం గురించి అమ్మేవారు చెప్పేది విన్నాక, ఒక పావుగంట అడిగి తీసుకోండి. మీరు రాసే భంగిమలోనే కూర్చుని, మీ సొంత వాక్యాలు ఒక పేజీ కొట్టండి. వేళ్లు తడబడకుండా, మణికట్టు నొప్పెట్టకుండా ఆ పేజీ పూర్తయితేనే ధర అడగండి.